పైకెక్కిన ఫొటో

జడ్చర్ల బస్టాండు ముందు తాటిముంజల బుట్ట పెట్టుకుని కూర్చున్నవాణ్ని చూసి గూఢచారి అని ఎవరూ అనుకోరు. నెత్తికి తువ్వాల, మోకాళ్ల పైకి ఎగగట్టిన లుంగీ, గోళ్లనిండా మరకలు. ఏజెంట్ డేవిడ్ వేషం వేశాడంటే కన్నతల్లి అయినా బేరమాడి వెళ్లాల్సిందే. ఆ వేషమే ఇవాళ తన కొంప ముంచబోతోందని అతనికప్పుడు తెలియదు.

పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. బస్సు దిగిన ఓ బక్కపలచటి మనిషి వచ్చి బుట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ముంజలు లేతయేనా?”

“మరీ లేతయి గావాలంటే ఆలేరుకు పోవాలె.”

“ఆలేరుల మా చెల్లె ఉన్నది.”

కోడ్ సరిపోయింది. అతను ఎల్లస్వామి, ఊరవతల సెలైన్ తయారుచేసే కంపెనీలో వాచ్‌మన్. కిందటి వానాకాలంలో డేవిడే గడ్డం పట్టుకుని బతిమాలి అతన్ని ఈ వేగు పనికి ఒప్పించాడు. ‘నీకేం కాదు, నేనున్నా’ అన్నాడు కూడా. ఫోన్లో ఏదీ పంపకూడదని, చేతికే ఇవ్వాలని పైనుంచి ఆర్డరు. శాఖలోనే ఎవరో శత్రువులకు కబుర్లు చేరవేస్తున్నారని చీఫ్‌కు అనుమానం.

ఎల్లస్వామి జేబులోంచి సెల్లు సగం బయటికి తీశాడు. అంతలో ఒక బైకు పక్కనుంచి వెళ్లింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. తుపాకీకి సైలెన్సర్! వెనక కూర్చున్న హెల్మెట్‌వాడు వంగి సెల్లు లాక్కుని, ఎదురుగా వస్తున్న లారీ చక్రం కిందికి విసిరేశాడు. సెల్లు పిండయింది. ఎల్లస్వామి మెల్లగా బుట్ట మీదికి ఒరిగిపోయాడు.

డేవిడ్ అతని తల ఒళ్లోకి తీసుకున్నాడు. ముంజల మీద రక్తం.

“ఎక్కింది సార్...” అన్నాడు ఎల్లస్వామి. “పైకెక్కింది.”

అంతే. చుట్టూ మూగిన జనంలో ఒక ముసలాయన తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. “పానం పైకెక్కిందని జెప్తాండు పాపం.”

* * *

“ఫొటో ఏమైంది?” బుట్ట అడుగున దాచిన శాటిలైట్ ఫోన్లో చీఫ్ గోపీకృష్ణ అడిగిన మొదటి ప్రశ్న అది.

“పోయింది సార్. మనిషి కూడా పోయాడు.”

తరువాత బ్రీఫింగ్ మొదలైంది. “విను. విదేశీ ముఠా, కోడ్‌నేమ్ శాండ్ వైపర్. కంపెనీలో ఒక బ్యాచ్ సెలైన్‌లో విషం కలిపింది. జనం రాలిపోతే మన మందులంటేనే ప్రపంచం భయపడుతుంది. ఆ మార్కెట్ వాళ్లకు కావాలి. ఏ బ్యాచో తెలియదు. రికార్డులు తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. ఎల్లస్వామి ఆ డబ్బాల నంబరు ఫొటో తీశాడు. మనకున్న ఆధారం అదొక్కటే.”

“అన్ని బ్యాచులూ ఆపించండి సార్.”

“దవాఖానలన్నీ వడదెబ్బ కేసులతో కిటకిటలాడుతున్నాయి. సెలైన్ మొత్తం ఆపితే విషంతో పనిలేకుండానే పోతారు. నంబరు కావాలి డేవిడ్. రూప వస్తోంది. ఇద్దరూ కలిసి ఏం చేస్తారో చేయండి.”

రూప పేరు చెబితే శాఖలో కుర్రాళ్లు టై సర్దుకుంటారు. ఒకప్పుడు శాండ్ వైపర్ మనిషి. తరువాత మనవైపు తిరిగి, వాళ్ల గుట్లు కొన్ని చెప్పి, సైబర్ సెల్‌లో ఆఫీసరైంది. నల్ల జీపు వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాలు, గంజి పెట్టిన కాటన్ చీర, భుజాన లాప్‌టాప్. ఇంత ఎండలోనూ ఆమె నుదుట చెమట చుక్క లేదు.

“వేషం మార్చుకోవా?” అంది ముక్కు ముడిచి.

“టైము లేదు. ఎక్కు,” అన్నాడు డేవిడ్. ఐడీ కార్డు, బట్టలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. జీపును తిరుమలగిరి వైపు ఉరికించాడు. ఎల్లస్వామిది ఆ ఊరే. సెల్లు కొన్నదీ అక్కడే. తల్లికి కబురు చెప్పాల్సిందీ అక్కడే.

“పైకెక్కింది అన్నాడు. ఏమిటది?” దారిలో పదిసార్లు గొణిగాడు.

“చచ్చేవాళ్లు పైకే చూస్తారు,” అంది రూప.

* * *

తిరుమలగిరి అంగడి వీధిలో పరశురాములు సెల్లు దుకాణం. మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడేసుకుని పగిలిన గ్లాసు మారుస్తున్నాడు. ఎల్లస్వామి పేరు వినగానే చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

“ఆయన ఫొటోలా? పైకెక్కినయేమో జూడాలె.”

డేవిడ్ కౌంటరు మీదికి వంగాడు. “ఏమన్నవ్? పైకెక్కుడు అంటే ఏంది?”

“అదే సార్, క్లౌడ్‌ల బ్యాకప్ అయితది జూడు, దాన్ని మేం గట్లనే అంటం. ఫొటో దీస్తే దానంతట అదే పైకెక్కుతది. సెల్లు పోయినా ఫొటో పోదు.”

ఆత్మ కాదు, ఆకాశం కాదు! చచ్చిపోతూ కూడా ఎల్లస్వామి డ్యూటీ రిపోర్టే ఇచ్చాడు.

“మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్?” అంది రూప చటుక్కున.

పరశురాములు తల గోక్కున్నాడు. “ఒక చిన్న కిరికిరి ఉన్నది మేడం. ఊళ్లోల్లకు మెయిల్ ఐడీ జెయ్యరాదు, జేసినా పాస్‌వర్డ్ మరుస్తరు. అందుకే నా దగ్గర సెల్లు గొన్నోల్లందరికీ దుకాణం మెయిలే ఏసిన. ఒకటే ఐడీ. ఒకల ఫొటోలు ఇంకొకలకు కనబడ్తయి. ఎవలి బర్రె ఈనినా అందరికి ఎరుకైతది. మొదట్ల లొల్లి జేసిండ్రు గని, ఇప్పుడు అలవాటైపోయింది.”

పాస్‌వర్డ్ దుకాణం బోర్డు మీది ఫోన్ నంబరే. రూప లాప్‌టాప్ తెరిచింది. వేళ్లు చకచకా కదిలాయి. డేవిడ్ వంగి చూడబోతే స్క్రీను పక్కకు తిప్పి, “గ్లేర్ కొడుతోంది, ఆగు,” అంది. కాసేపటికి తనే చూపించింది. నిన్నటిదాకా ఊరందరి ఫొటోలు బారులు తీరి ఉన్నాయి. ఇవాళ్టిది ఒక్కటీ లేదు. ట్రాష్ ఖాళీ.

“సారీ డేవిడ్. బ్యాకప్ అయ్యేలోపే సెల్లు పోయినట్టుంది.”

డేవిడ్ దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. పరశురాములు మంచినీళ్లు ఇచ్చి, నెమ్మదిగా ఇంకో మాట చెప్పాడు. ఎల్లస్వామి కబురు ఊళ్లోకి ముందే వచ్చింది. ఉపాధి పనికాడ మట్టి మోస్తున్న తల్లి బిక్షమ్మ అది విని, ఎండలోనే పడిపోయింది. దవాఖానలో ఉంది.

* * *

వార్డులో మంచాలన్నీ నిండాయి. కిటికీ పక్క మంచంలో బిక్షమ్మ ఎండిన పెదాలతో పడుకుని ఉంది. తల దగ్గర స్టాండుకు సెలైన్ బాటిల్ వేలాడుతోంది. అందులో నీళ్లు అడుగుకు వచ్చాయి. నర్సు హనుమమ్మ పక్క బల్ల మీద కొత్త బాటిల్ తెచ్చి పెట్టింది.

“ఇదెక్కడిదమ్మా?” అన్నాడు డేవిడ్.

“జడ్చర్ల మాలు. పొద్దున్నే దిగింది. వార్డుల పాతయి ఇప్పుడే అయిపోయినయి. గీ బాటిల్ అయిపోంగనే గిదే ఎక్కిస్త.”

డేవిడ్ ఆ లేబుల్ వైపు చూశాడు. అది ప్రాణమో, విషమో! డ్యూటీ డాక్టరును పిలిచి చెప్పాడు. నెత్తిన తువ్వాల, లుంగీ మీద రక్తం మరకలతో ఉన్న మనిషిని ఆయన ఎగాదిగా చూశాడు. “సెలైన్ ఆపితే ఈమె బీపీ పడిపోయి పోతది. ముంజలమ్ముకునేటోని మాట మీద ఆపమంటవా? జర పక్కకు జరుగు.”

రూప, ఆమె ఐడీ కార్డు, శాటిలైట్ ఫోన్ అన్నీ బయట జీపు దగ్గరున్నాయి; రమ్మని వార్డుబాయ్‌తో కబురు పంపాడు. డేవిడ్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముసలామె చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, నీ కొడుకు సోపతిగాణ్ని. ఆయన పోయేటప్పుడు నేనే పక్కకున్న.”

బిక్షమ్మ కళ్లు తెరిచింది. “నా కొడుకు దినాం పొద్దుగాల ఫొటో దీస్తడు బిడ్డా. డ్యూటీకాడ ఏది గనబడితే అది. గది నా సెల్లుల కొస్తది. వచ్చిందంటే మంచిగున్నట్టే. ఇయ్యాల గూడ వచ్చింది, డబ్బాల ఫొటో. మంచిగున్నడనుకొని పనికి బోయిన.” దిండు కింది నుంచి పగిలిన సెల్లు తీసింది. “ఇప్పుడు జూస్తే లేదు. నా కొడుకు ఆఖరి ఫొటో ఎవలు దీసేసిండ్రు?”

డేవిడ్ లెక్క కట్టాడు. ఫొటో పైకెక్కింది. పొద్దున ఉంది, ఇప్పుడు లేదు. మధ్యలో పాస్‌వర్డ్ తెలిసిన కొత్త మనిషి ఒక్కతే.

“చెరిపేస్తే ఏం బిడ్డా,” అంది బిక్షమ్మ. “పొద్దుగాలనే మా బిడ్డ కరుణకు వాట్సాప్‌ల పంపిన. అన్న మంచిగున్నడని దినాం పంపుత. అండ్ల ఉంటది, జూడు. కబురు ఇని బస్సెక్కింది గూడ.”

డేవిడ్ వాట్సాప్ తెరిచాడు. కరుణ పేరు కనబడింది. వేలు ఆనించేలోపు స్క్రీను నల్లబడింది. తరువాత తెల్లగా వెలిగి, కొత్త సెల్లులాగా ‘భాష ఎంచుకోండి’ అని అడిగింది.

తలెత్తాడు. గుమ్మంలో రూప, చేతిలో తెరిచిన లాప్‌టాప్. “రిమోట్ ఎరేజ్,” అంది చిరునవ్వుతో, అతనికి మాత్రమే వినపడేలా. “ఒకటే ఐడీ కదా. మీ దుకాణదారు ప్రతి సెల్లుకూ ఓనరు పేరు కూడా పెట్టాడు. చాలా సౌకర్యం.”

“ఎందుకు రూపా?”

“నేనెప్పుడు మీవైపు వచ్చానని?”

ఆమె ఐడీ కార్డు పైకెత్తి గొంతు పెంచింది. “డాక్టర్! నేను సెంట్రల్ ఆఫీసర్ని. వీడు జడ్చర్ల హత్య కేసులో నిందితుడు. బట్టల మీద ఆ రక్తం చూడండి. పట్టుకోండి. పేషెంటుకు సెలైన్ ఆపకండి.”

డాక్టరు కేక వేశాడు. హోంగార్డు, ఇద్దరు వార్డుబాయ్‌లు డేవిడ్ మీద పడ్డారు. అతను మంచం కోడు పట్టుకుని వేలాడాడు. ఇన్నేళ్ల సర్వీసులో నేర్చిన పట్లన్నీ ఉన్నాయి, కానీ అమాయకుల ఎముకలు ఎలా విరగ్గొడతాడు? బాటిల్లో చివరి చుక్కలు జారుతున్నాయి. హనుమమ్మ కొత్త బాటిల్ మూత తీసింది.

“అమ్మా, నీ కాళ్లు మొక్కుత! ఆగు! ఆమె బిడ్డ వస్తాంది, ఫొటో వస్తాంది, జర సేపు ఆగు!” డేవిడ్ ఏడుస్తున్నాడు. వేషంలో భాగం కాదు. పొద్దున కొడుకును కాపాడలేకపోయాడు. ఇప్పుడు తల్లి కూడా కళ్ల ముందే పోతుంటే చూడాలా?

హనుమమ్మ చెయ్యి ఒక్క క్షణం తటపటాయించింది. రూప ముందుకొచ్చింది. “ఎక్కించు.”

సూది బాటిల్ రబ్బరు బిరడాకు ఆనింది.

“అవ్వా!”

బస్సు దిగి అంగడి నుంచి ఉరికొచ్చిన ఓ మనిషి వార్డులోకి దూసుకొచ్చింది. చెంగు జారిపోయి, చెప్పులు ఎక్కడో పోయి, సెల్లు మాత్రం గుప్పిట్లో ఉంది. అన్న చనిపోయాడని, తల్లి పడిపోయిందని ఒకేసారి విన్న కరుణ.

“చెల్లే!” డేవిడ్ గొంతు చించుకున్నాడు. “పొద్దుగాల మీ అవ్వ పంపిన ఫొటో! డబ్బా మీది నంబరు సదువు! అన్న దానికోసమే సచ్చిపోయిండు!”

ఆ చివరి మాటకు కరుణ ఆగిపోయింది. ఎవరు, ఎందుకు అని అడగలేదు. సెల్లు తెరిచింది. ఆమె సెల్లు ఆలేరులో కొన్నది, మెయిల్ ఐడీ ఆమెదే. పరశురాములు దుకాణంతోనూ, రూప లాప్‌టాప్‌తోనూ దానికి ఏ సంబంధమూ లేదు.

“కె... ఎన్... నాలుగు...” ఏడుస్తూ చదివింది.

హనుమమ్మ చేతిలోని బాటిల్ తిప్పి లేబుల్ చూసింది. “కె, ఎన్, నాలుగు...” ఆమె వేలు అక్షరం వెంట అక్షరం నడిచింది. “తొమ్మిది, సున్నా...”

“తొమ్మిది, సున్నా, రెండు,” అంది కరుణ.

“రెండు,” అంది హనుమమ్మ. సూది పక్కకు తీసి, బాటిల్‌ను పామైనట్టుగా కిందికి విసిరేసింది.

రూప వెనుదిరిగి జీపు దగ్గరికి పరుగెత్తింది. ఎక్కి తాళం కోసం వెతుక్కుంది. అది డేవిడ్ లుంగీ ముడిలో ఉంది. నల్ల కళ్లద్దాలు సర్దుకునేలోపు హోంగార్డు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరు లేబర్ రూమ్‌కు ఉరికి అక్కడున్న పాత స్టాకు బాటిల్ తెచ్చి తనే ఎక్కించాడు. డేవిడ్ భుజం మీది దుమ్ము దులిపాడు.

చీకటి పడకముందే ఆ నంబరు అన్ని దవాఖానలకూ చేరింది. ఆ బ్యాచుది ఒక్క బాటిల్ కూడా ఎవరి ఒంట్లోకీ వెళ్లలేదు.

“శభాష్!” అన్నాడు చీఫ్. “చెరిపేసిన ఫొటో ఎట్లా సంపాదించావ్? ఏ సర్వర్?”

“ఆలేరు సర్వర్ సార్,” అన్నాడు డేవిడ్.

* * *

పరశురాములు బిక్షమ్మ సెల్లులో మళ్లీ దుకాణం మెయిలు వేశాడు. పైకెక్కిన ఫొటోలన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి. కంపెనీ గేటు, గేటు ముందు కుక్క, టిఫిన్ డబ్బా, చీపురు. ఎల్లస్వామి తీసినవే తప్ప అతను ఉన్నది ఒక్కటీ లేదు. ఆమె ఆ చీపురు ఫొటోను కూడా గుండెకు అదుముకుంది. కరుణ ఆ ఆఖరి డబ్బాల ఫొటో తిరిగి పంపింది. డేవిడ్ ఇద్దరినీ కళ్లెత్తి చూడలేక బయటికి వచ్చేశాడు.

రేపటి నుంచి పొద్దున్నే ఆమె సెల్లుకు ఏం వస్తుంది? బర్రెలు వస్తాయి, పెళ్లిళ్లు వస్తాయి. ఆమె ఎదురుచూసేది మాత్రం రాదు.

నేరుగా దుకాణానికి వెళ్లి ఒక సెల్లు కొన్నాడు.

“మెయిల్ ఐడీ ఉన్నదా సార్?” అన్నాడు పరశురాములు.

“లేదు,” అన్నాడు డేవిడ్. “దుకాణందే ఎయ్యి.”

మర్నాడు పొద్దున ఎక్కడో, ఏదో వేషంలో, చాయ్ గ్లాసు, పక్కన సగం మిగిల్చిన చక్కెర పొట్లం ఫొటో తీశాడు. అది పైకెక్కింది. బిక్షమ్మ చూసి, కరుణకు పంపి, మైకు నొక్కి చెప్పింది. “మంచిగున్నడు బిడ్డా.”

ఏజెంట్ ఎక్కడున్నాడో ఈ భూమ్మీద ఎవరికీ తెలియకూడదని శాఖ రూలు. తిరుమలగిరిలో సగం ఊరికి మాత్రం అతను ఇవాళ చాయ్‌లో చక్కెర తక్కువ వేసుకున్నాడన్నది కూడా తెలుసు.