శుక్రవారం సాయంత్రం ఎక్కడికి?

"కార్విన్ కౌంటీ నుంచి ఈ ఏడు ఎవరూ చేరలేదని రాసింది మీరేనా?"

వెస్లీ స్టాంపర్ తల ఎత్తకుండానే "నేనే" అన్నాడు. ఎత్తి ఉంటే కాస్త జాగ్రత్తపడేవాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి చేతిలో ముందురోజే ఇచ్చిన తెల్లకోటు ఉంది. దాన్ని కోటు పట్టుకున్నట్టు కాక, పోట్లాటకు తెచ్చిన సాక్ష్యం పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అయితే నేనెవర్నండీ?"

"మీ పేరు?"

"టెస్సా కాడిల్."

వెస్లీ కంప్యూటర్‌లో చూశాడు. "మీది డేటన్ కదా. పక్క రాష్ట్రం, ఒహాయో."

"కార్విన్‌లో కళ్లు మూసుకుని రాయి విసిరితే కాడిల్ ఇంటిపేరు వాళ్లకే తగులుతుంది. మీకా సంగతి తెలీదా?"

"తెలుసు. మాదీ కార్విన్ కౌంటీయే. కానీ మీరు హైస్కూలు డేటన్‌లో చదివారు. హైస్కూలు ఎక్కడైతే సొంతూరు అక్కడే. అది రూలు."

"ఎవరు పెట్టారు రూలు?"

"నేనే."

ఎదురు బల్ల నాది. వెస్లీ తయారుచేసే రిపోర్టుల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. విద్యార్థులు ఎక్కడి నుంచి వచ్చారు, డాక్టర్లయ్యాక ఎక్కడికి పోయారు, ఇవే ఆ రిపోర్టులు. ప్రేమ వ్యవహారాల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నా బల్ల ముందు జరిగింది కాబట్టి చూశాను, అంతే.

మా ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీని ఈ కెంటకీ కొండల్లో పెట్టిందే ఇక్కడి పిల్లల్ని డాక్టర్లను చేసి ఇక్కడే నిలబెట్టుకోవడానికి. అందుకని కొత్తగా చేరినవాళ్లకు తెల్లకోట్లు ఇచ్చే రోజున డీన్ ఒక్కో కౌంటీ, అంటే జిల్లా, పేరు చదువుతాడు. ఆ కౌంటీ విద్యార్థి, వెంట వచ్చిన చుట్టాలు అందరూ లేచి నిలబడతారు. హాలంతా చప్పట్లు కొడుతుంది. కొందరి తాతలైతే ఈలలు కూడా వేస్తారు.

"మా నాయనమ్మ ఓపల్ ముందు వరసలో కూర్చుంది" అంది టెస్సా. "ఈ రోజు కోసమని కొత్త గౌను కుట్టించుకుంది. కార్విన్ అనగానే సగం లేచింది. ఈ ఏడు ఎవరూ లేరన్నాడు మీ డీన్. మళ్లీ కూర్చుంది. ఇంటికెళ్లేదాకా కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. మా నాయనమ్మ నోరు మూసుకుని ఉండగా నేను చూడటం అదే మొదటిసారి."

వెస్లీ మొహం కొంచెం మారింది. "మరి మీరు పుట్టి పెరిగింది..."

"మా నాన్నకి డేటన్‌లో ఫ్యాక్టరీ పని. శుక్రవారం షిఫ్టు అయ్యేసరికి మా అమ్మ మమ్మల్ని కార్లో ఎక్కించి గేటు దగ్గర ఉండేది. నాన్న బూట్లు కూడా మార్చుకునేవాడు కాదు, నేరుగా ఇక్కడికే. 'డేటన్‌లో ఉంటాం' అనేవాడు గానీ 'డేటన్ మా ఊరు' అని ఒక్కసారి అనలేదు. మీరెప్పుడైనా శుక్రవారం సాయంత్రం రోడ్డు మీద నిలబడి చూశారా? వచ్చే ప్రతి బండికీ ఒహాయో నంబరే ఉంటుంది."

"అలా లెక్కేస్తే సగం ఒహాయో మనదే అవుతుంది."

"మనదే."

వెస్లీ నెమ్మదిగా పెన్ను తీశాడు. "మీరు చెప్పింది నాకర్థమైంది. కానీ మనసులో ఉన్నదాన్ని గడిలో నింపలేను. కొలవగలిగే రూలొకటి కావాలి."

"శుక్రవారం పని అయ్యాక మనిషి ఎక్కడికి వెళ్తాడో అదే అతని ఊరు. రాసుకోండి."

అతను నిజంగానే రాసుకున్నాడు. దాన్ని కమిటీ ముందు పెడితే మొదట నవ్వారు. ఆ రూలు ప్రకారం కొండల పిల్లల శాతం బాగా పెరుగుతుందని తెలిశాక నవ్వడం మానేసి ఒప్పుకున్నారు. మరుసటి ఏడు తెల్లకోట్ల రోజున డీన్ అన్నిటికంటే ముందు "కిందటేడు మిగిలిపోయిన పేరు, కార్విన్ కౌంటీ, టెస్సా కాడిల్" అని చదివాడు. ఓపల్ ఆ పాత కొత్త గౌనులోనే లేచి నిలబడింది. మిగతా కౌంటీల పేర్లు చదువుతున్నా కూర్చోలేదు. కూర్చోమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇక మెడ సంగతి చెప్పాలి.

మా డాక్టర్లు మందులు రాయడంతో పాటు చేతులతో ఒంటిని సర్ది నయం చేయడం కూడా నేర్చుకుంటారు. అందుకు ఎప్పుడూ ఒళ్లు కావాలి. ఒకరి మీద ఒకరు చేసుకోగా మిగిలింది మా మీద చేస్తారు. మా కాలేజీలో పనిచేసేవాళ్ల మెడలు వాళ్ల సొంతం కాదు. కంప్యూటర్ ముందు వంగి వంగి వెస్లీ మెడ పట్టేసి ఉండేది కాబట్టి వాళ్లు సాధన చేసే ల్యాబులో అతనికి గిరాకీ ఎక్కువ. ఒక బుధవారం అతను బల్ల మీద పడుకుని కళ్లు తెరిచేసరికి పైన టెస్సా మొహం తలకిందులుగా కనిపించింది.

"మీరా?" అన్నాడు.

"నేనే. ఊపిరి పీల్చండి. వదలండి. వదలమన్నాను, దాచుకోమనలేదు."

"వదిలాను కదండీ."

"సగమే వదిలారు. మీరు అన్నిట్లోనూ ఇంతేనా?"

పక్క బల్ల మీద నేనున్నాను. నా నడుము పట్టుకున్న కుర్రాడు చెయ్యి ఆపేసి మరీ వాళ్ల మాటలు వింటున్నాడు. నా నడుము ఆ రోజు నయం కాలేదు.

తర్వాత ప్రతి బుధవారం వెస్లీకి మెడ పట్టేసేది. బాగున్న వారం కూడా. బుధవారాలు గడిచే కొద్దీ 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మధ్యాహ్నాలు ఓపల్ పంపిన చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె నా ఎదురు బల్ల మీదకు రావడం మొదలైంది. నాకూ ఒక ముక్క దొరికేది. మూడో ఏడు టెస్సా ఆసుపత్రుల్లో శిక్షణకు వెళ్లింది. బుధవారాలు లేకపోయినా రొట్టె మాత్రం ఆగలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, టెస్సా కాన్పుల డాక్టరు కావాలనుకుంది. కార్విన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూతపడి చాలా ఏళ్లయింది. నొప్పులొస్తే కొండ దాటి రెండు గంటలు పోవాలి. తన మేనత్త కార్లోనే కన్నది. అందుకే ఆ పట్టుదల. కానీ ఆ శిక్షణ ఇచ్చే చోటు ఈ చుట్టుపక్కల లేదు. నాలుగేళ్లు బయటికి పోవాల్సిందే.

డాక్టర్లు శిక్షణ పొందిన చోటే స్థిరపడిపోతారు. ఏటా ఈ మాట శాతాలతో సహా రాసేది వెస్లీయే. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రారని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఏడు ఆ పేజీ టైపు చేయడానికి అతనికి వారం పట్టింది.

నాలుగో ఏడు ఒకరోజు వాన పట్టుకుంది. టెస్సా తడిసి మా వరండాలోకి వచ్చి నిలబడింది. వెస్లీ గొడుగు తీసుకుని బయటికి వెళ్లాడు. గొడుగు విప్పలేదు. కిటికీ తెరిచే ఉంది.

"చదువయ్యాక ఎక్కడ స్థిరపడదామనుకుంటున్నావ్?" అన్నాడు.

అది సరిగ్గా మేం చివరి ఏడు వాళ్లకు పంపే ఫారంలో మొదటి ప్రశ్న. అక్షరం పొల్లు పోలేదు.

టెస్సా అతని వైపు తిరిగింది. "అడుగుతోంది నువ్వా, రిపోర్టా?"

ఇక్కడ 'నేను' అంటే సరిపోయేది. అబద్ధమాడటం రాని మనుషులతో ఇదే తంటా.

"రిపోర్టుకి కూడా కావాలి" అన్నాడు వెస్లీ.

"అయితే మీ రిపోర్టుకి చెప్పు, ఇంకా తేలలేదని." వానలోనే వెళ్లిపోయింది. వెస్లీ విప్పని గొడుగుతో లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"వెధవ్వి" అన్నాను.

"ఉండిపొమ్మని ఎలా అంటాను నెల్డా గారూ? ఇక్కడ ఉండిపొమ్మని అందరికీ చెప్పడమే మన కాలేజీ పని. నేనన్నా అలాగే వినిపిస్తుంది. పోనీ నిజంగా ఉండిపోతే, తను కాన్పుల డాక్టరు కాదు."

"మరి?"

"నాకు తను కావాలి. దాన్ని ఏ ప్రశ్నగా అడగాలో తెలీట్లేదు."

మార్చిలో మ్యాచ్ రోజు వచ్చింది. ఎవరికి ఏ ఆసుపత్రిలో శిక్షణ దొరికిందో హాలులో అందరి ముందూ కవరు చింపి చదివే రోజు అది. అరుపులు, ఏడుపులు, కౌగిలింతలు. వెస్లీ ఒక మూల కూర్చుని ఊళ్ల పేర్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ, ఇక్కడే ఉండేవాళ్ల శాతం లెక్కేస్తున్నాడు. టెస్సా మైకు దగ్గరికి వచ్చి "డేటన్" అంది. ఇంకేం చెప్పకుండా దిగిపోయింది.

తర్వాత అతని దగ్గరికి వచ్చింది. "ఏంటి, మొహం అలా పెట్టావ్?"

"శాతం తగ్గింది" అన్నాడు వెస్లీ.

"ఎంత?"

వెస్లీ చెప్పాడు. నిజంగానే, దశాంశంతో సహా. టెస్సా తలూపి, కోటు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రొట్టె రాలేదు. రెండు నెలలు మా ఆఫీసు చాలా ప్రశాంతంగా ఉంది. నాకైతే ఆ ప్రశాంతత అస్సలు నచ్చలేదు.

పట్టా పుచ్చుకునే ముందు రోజు మా దగ్గర ఇంకో ఆనవాయితీ ఉంది. వరండాలో గోడ మీద కొండ కౌంటీల పెద్ద మ్యాపు ఉంటుంది. ప్రతి కొత్త డాక్టరూ తను పనిచేయబోయే చోట ఒక పిన్ను గుచ్చాలి. మ్యాపు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఒహాయో పోయేవాళ్లు పైన, ఉత్తరం వైపు చెక్క ఫ్రేములోకి గుచ్చుతారు. పై ఫ్రేము నిండా పిన్నులే.

పిన్నుల డబ్బా పట్టుకుని నిలబడే పని వెస్లీది. ఓపల్ పక్కనే కుర్చీలో కూర్చుంది. టెస్సా వంతు వచ్చింది. పిన్ను తీసుకుని ఫ్రేము వైపు చెయ్యి ఎత్తింది.

"ఆగు" అన్నాడు వెస్లీ.

"ఏం, అక్కడ ఖాళీ లేదా?"

"ఇది రిపోర్టు కాదు. నేనే అడుగుతున్నాను."

టెస్సా చెయ్యి అలాగే ఉంది. "అడుగు."

"ఆ రోజు శాతం గురించి అన్నది అబద్ధం. అంటే, తగ్గిన మాట నిజమే. కానీ నాకు బాధేసింది దానికి కాదు." ఊపిరి పీల్చాడు. ఈసారి మొత్తం వదిలాడు. "నువ్వంటే నాకు ప్రేమ. మొదటి రోజు తిట్టినప్పటి నుంచీ. ఉండిపొమ్మని అడగను. నువ్వు వెళ్లి ఆ పని నేర్చుకోవాలి. నాకు శుక్రవారాలు ఖాళీయే. నేనే వస్తాను."

వరసలో వెనకున్నవాళ్లు కదలడం మానేశారు.

"శుక్రవారం సాయంత్రం డేటన్‌కా?" అంది టెస్సా. "ఊరంతా ఇటొస్తుంటే నువ్వొక్కడివీ అటా?"

"రోడ్డు ఖాళీగా ఉంటుంది."

ఆమె నవ్వకుండా ఉండాలని చూసింది. కుదరలేదు. "వెస్లీ, మీవాళ్లు ఏడు తరాలుగా కార్విన్ లోయ దాటలేదు. రూలు ప్రకారం నువ్వు డేటన్ వాడివైపోతావు, తెలుసా?"

"తెలుసు. రూలు పెట్టింది నువ్వే."

"నాలుగేళ్లు."

"ఆ తర్వాత నువ్వెటు తిరిగితే అటు."

"ఇటే తిరుగుతాను. మీ శాతాలు ఏం చెప్పినా సరే." కళ్లు తుడుచుకుంది. "నేనూ ఆ రోజు నుంచే. నువ్వు నా మాట నిజంగా రాసుకున్నావు చూడు, అప్పటి నుంచి."

ఓపల్ కర్ర నేలకేసి కొట్టింది. "ఆ పిన్నేదో తొందరగా గుచ్చవే. నాకు మోకాళ్లు లాగుతున్నాయి. ఏరా అబ్బాయ్, శుక్రవారాలన్నీ దానికే ఇస్తే ఎలా? ఆదివారం భోజనానికి ఇద్దరూ నా దగ్గరికి రావాలి. చికెన్ నేను వేయిస్తాను."

"అలాగేనండీ" అన్నాడు వెస్లీ.

టెస్సా ఫ్రేము మీద నుంచి చెయ్యి దించింది. మ్యాపు మీద కార్విన్ వైపు ఒకసారి చూసింది. చివరికి ఆ పిన్నుని వెస్లీ కోటు కాలరుకి గుచ్చి, కాలరు పట్టుకుని అతన్ని దగ్గరికి లాక్కుంది. డీన్ అటు తిరిగి మిగతా పిన్నులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ శరదృతువులో వెస్లీ రిపోర్టు ఎప్పటిలాగే నా బల్ల మీదకు వచ్చింది. చివర సిబ్బంది పేజీ ఉంటుంది, ఎవరి సొంతూరు ఏదని. ఎప్పుడూ మారని పేజీ కాబట్టి నేను సాధారణంగా చూడను. ఆ ఏడు చూశాను. స్టాంపర్, వెస్లీ. సొంతూరు: డేటన్, ఒహాయో.

తప్పులు దిద్దడం నా ఉద్యోగం. ఎర్ర పెన్ను తీశాను. గడియారం చూస్తే శుక్రవారం, నాలుగున్నర. ఎదురు కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది. పెన్ను మూత పెట్టేసి, రిపోర్టు అచ్చుకి పంపించాను.