మఫిన్ తిన్నదెంత?

స్కూల్ బస్సు దిగగానే సిగ్నీ సంచిని మంచులోనే పడేసి దూడల దగ్గరికి పరుగెత్తింది. తన దూడ మఫిన్‌కి పెట్టిన బకెట్‌లోకి తొంగిచూసి మొహం వేలాడేసింది. సగం దాణా అలాగే ఉంది!

"తినవే తల్లీ! ఇవాళ మూడు పౌండ్లు తింటావని ఫోన్ చెప్పింది కదా!"

మఫిన్ తన యజమానురాలి గ్లవ్ నాకింది. దానికి ఏడు వారాలు. నీలం కోటు తొడుక్కుని, గడ్డి పరిచిన గూట్లో దర్జాగా నిలబడింది. విస్కాన్సిన్‌లో జనవరి వస్తే దూడలకు కూడా కోటు ఉండాల్సిందే.

ఈ ఏడాది మఫిన్ బాధ్యతను నాన్న సిగ్నీకే అప్పగించాడు. పదేళ్ల పిల్లకి అది చిన్న సంగతేం కాదు. దూడ బరువు, బయట చలి ఎంతో కొడితే, అది ఎంత దాణా తింటుందో ఫోన్‌లోని యాప్ అంచనా వేసి చెబుతుంది. తర్వాత మిగిలిన దాణా తూచి అందులో రాయాలి. అంచనా ప్రకారం తింటే పచ్చ గీత. తక్కువ తింటే ఎర్ర గీత.

సిగ్నీకి ఎరుపంటే గిట్టదు. లెక్కల పరీక్షల్లో చూసింది చాలు!

అందుకే ఐదు రోజులుగా ఓ ఉపాయం నడుపుతోంది. మిగిలిన దాణాని పక్క దొడ్లోని పెద్ద పెయ్యల తొట్టిలో పోసేస్తుంది. యాప్‌లో "మొత్తం తినేసింది" అని నొక్కేస్తుంది. యాప్ అది నమ్మేసి మర్నాటి అంచనా ఇంకాస్త పెంచుతుంది. మిగిలేది కూడా పెరుగుతుంది. పెయ్యలకైతే రోజూ పండగే. సిగ్నీ కనిపిస్తే చాలు, కంచె దగ్గర వరసకట్టి అంబా అంటున్నాయి.

ఆ రోజూ అదే పని చేసి, పచ్చ గీత తెప్పించుకుని ఇంట్లోకి వచ్చింది.

భోజనాల దగ్గర నాన్న ఫోన్ చూస్తూ కళ్లు పెద్దవి చేసి, నానమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, చూశావా? మన సిగ్నీ దూడ ఇరగదీస్తోంది! రోజుకి మూడు పౌండ్లట! అంత దాణా తినే దూడకి ఇక పాలెందుకు? రేపట్నుంచి మానిపించేద్దాం."

సిగ్నీ నోట్లో బంగాళాదుంప ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పాలు మానిపిస్తారా? మఫిన్ తినేది అందులో సగమే! ఈ చలిలో ఆ సగంతో ఎలా నెగ్గుకొస్తుంది? చెబితే నాన్న తిడతాడు. చెప్పకపోతే మఫిన్ ఆకలితో మాడిపోతుంది.

ఎలాగో ముద్ద మింగింది.

"నాన్నా, పాలు ఆపొద్దు. అది అంత తినట్లేదు. మిగిలింది నేనే పెయ్యలకి పోసేసి, పచ్చ గీత పెట్టేశాను."

నాన్న ఫోన్ బల్ల మీద పెట్టాడు. "ఆ గీత చూసే కదమ్మా నేను పాలు ఆపబోయాను," అన్నాడు మెల్లగా.

తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది సిగ్నీకి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే, పద. అసలు అంచనాలోనే తప్పుందేమో. దాని బరువు ఎలా కొలిచావో చూపించు."

నానమ్మ కూడా శాలువా కప్పుకుని వెంట వచ్చింది. సిగ్నీ ఛాతీ చుట్టుకొలతని బట్టి దూడ బరువు చెప్పే టేపు తీసి, మఫిన్ ఛాతీ చుట్టూ, కోటు మీదుగా బిగించి చదివింది. "నూట తొంభై పౌండ్లు."

నానమ్మ పకపకా నవ్వేసింది. "ఓసి పిచ్చిపిల్లా! కోటు మీద కొలిచావా? నన్నూ ఈ స్వెటర్లన్నిటితో కొలిస్తే, ఆవుకి పెట్టేంత పెడతావేంటే?"

"విప్పితే చలేస్తుందేమోనని..." అంది సిగ్నీ నాలుక కరుచుకుంటూ.

నాన్నకీ నవ్వాగలేదు. ఒక్క నిమిషం కోటు విప్పి కొలిస్తే నూట యాభై వచ్చింది. "అయితే ఇన్నాళ్లూ కోటుక్కూడా కలిపి భోజనం వడ్డించావన్నమాట!"

సిగ్నీ తనే ఫోన్ తీసుకుని బరువు సరిచేసింది. ఐదు రోజుల పచ్చ గీతల్నీ ఒక్కొక్కటే తెరిచి, గుర్తున్నంత వరకు మిగిలిన లెక్క రాసింది. అన్నీ పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయి. యాప్ అంచనా జారి జారి రెండు పౌండ్ల దగ్గర ఆగింది.

మర్నాడు బకెట్‌లో గుప్పెడే మిగిలింది. కంచె అవతల పెయ్యలు ఆశగా మెడలు చాచాయి.

"మీకేం లేదు, పొండి!" అంటూ సిగ్నీ ఆ గుప్పెడూ తూచి రాసింది. ఎర్ర గీత వచ్చింది.

"నాన్నా, ఇంకా ఎరుపే!" అని గంతులేస్తూ అరిచింది. "మఫిన్‌కి పాలు పట్రా!"