ఊపిరికి అరంగుళం

ఇందులో ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో నేను తారుమారు చేసి ఉండొచ్చు. అక్క నాకు ఈ సంగతి నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ ఒకే వరసలో చెప్పలేదు. విన్న నేనూ అంతంతమాత్రమే. పొయ్యి మీద పాలు పెట్టి పక్కింట్లో కబుర్లకి కూర్చునే రకం. అందుకే మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

అక్కని అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. వీధివైపు ఇనప షట్టరు, లోపల రెండు కుట్టుమిషన్లు, కత్తిరింపు బల్ల, గోడకి నిలువుటద్దం, మూలన కంప్యూటరు. సుద్దముక్క, మిషన్ నూనె, ఇస్త్రీపెట్టె కింద ఆవిరయ్యే తడిబట్ట... నలభై ఏళ్ళుగా ఆ గదికి అదే వాసన.

అక్కకి మనుషుల పేర్లు నిలిచేవి కావు, కొలతలు నిలిచేవి. అందుకని కొలతల కార్డులకి తనే పేర్లు పెట్టుకునేది. ‘మెట్లింటి టీచరు’, ‘నవ్వే నర్సు’, ‘కుడిభుజం వంపు’. ఆ మూడో ఆవిడ ఒకరోజు తన కార్డు కంటపడి, నెల్లాళ్ళు కొట్టు గడప తొక్కలేదు.

పెన్సిల్ రాతలు మాసిపోతున్నాయని పన్నెండేళ్ళ కిందట అక్క మరిది ఒక పాత కంప్యూటరు తెచ్చిపెట్టాడు. నాలుగువందల పన్నెండు కార్డుల్నీ ఒంటివేలితో దాంట్లోకి ఎక్కించింది. అవి లోపల ఎక్కడ ఉంటాయో ఆమెకి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు. తెర కింద ఎడమమూల ఒక చిన్న పెట్టె ఉండేది. అందులో రెండక్షరాలు కొడితే కావాల్సిన కార్డు పైకొచ్చేది. పిలిస్తే పలికినట్టే. కాగితం కార్డులు ఆ ఏడాది చెదలు తినేశాయి.

కొలవడంలో అక్కదో పద్ధతి. ఛాతీకి రెండంకెలు రాసేది. “ఊపిరి వదులు” అని ఒకటి. “ఇప్పుడు పీల్చు” అని రెండోది. పెద్దవాళ్ళకైనా పిల్లలకైనా మధ్యన కనీసం అరంగుళం తేడా వచ్చేది. ఆ అరంగుళం వదలకుండా కుట్టిన బట్ట బట్టే కాదనేది.

ఆ కార్డుల్లో ఒకటి ‘పిచ్చుక’. అక్క కూతురు. ఒక్కగానొక్కది. ఏటా పుట్టినరోజు నాడు నిలువుటద్దం ముందు నిలబెట్టి కొలిచి, కొత్త గౌను కుట్టేది. అది కుదురుగా నిలబడేది కాదు. అమ్మ చేతిలోంచి టేపు లాక్కుని, “నిన్ను నేను కొలుస్తా, నువ్వు ఊపిరి వదులు” అని స్టూలెక్కేది. ఏడో పుట్టినరోజు దాటిన మూడు వారాలకి జ్వరమొచ్చి పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళయింది.

అప్పటినుంచీ అక్క రోజూ పొద్దున్నే ఆ కార్డులోని ఆరంకెలూ పాఠంలా అప్పజెప్పుకునేది. ముఖం ఎప్పుడో మసకేసిపోయింది. ఫొటోలో ముఖం ఫొటోదే తప్ప పిల్లది కాదనిపించేది. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. ఈమధ్య తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం, వేసుకున్న మాత్ర మళ్ళీ వేసుకోవడం మొదలయ్యాక, ఆ అప్పజెప్పడమే ఆమెకి పరీక్షయింది. ఆ ఆరూ ఉన్నన్నాళ్ళూ నాకేం కాలేదే, అనేది నాతో.

ఆరోజు ఆదివారం. పళ్ళు తోముకుంటూ మనసులో మొదలుపెట్టింది. పొడవు నలభై ఆరు. భుజం పది. ఛాతీ ఇరవై మూడు, ఇరవై మూడున్నర. నడుము ఇరవై ఒకటి. చేయి...

చేయి ఎంత?

మళ్ళీ మొదటినుంచి చెప్పుకుంది. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. నోట్లో నురగతోనే కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. తెరమీద ఒక చక్రం తిరుగుతోంది. కొత్త మార్పులు ఎక్కుతున్నాయి, ఆపవద్దు అని కింద రాసుంది. గంటసేపు దాని ముందే కూర్చుంది. కాఫీ పెట్టుకోలేదు, ముఖం కడుక్కోలేదు.

తెర వెలిగాక చూస్తే ఎడమమూల పెట్టె లేదు. మధ్యలోకి వచ్చి, వెడల్పయి, గుండ్రటి అంచులతో కూర్చుంది. దాని కింద ఏదో కొండ బొమ్మ, వాతావరణం, ఎవరివో పెళ్ళి వార్తలు. ‘పి’ అని కొట్టేసరికి పిజ్జా చూపించింది. పేరంతా కొడితే పిచ్చుకలు వచ్చాయి. ఎగిరే పిచ్చుకలు, గూళ్ళు, గింజలు, బాల్కనీకి కట్టే వలలు. కార్డు రాలేదు. ‘నవ్వే నర్సు’ అని కొడితే ఎవరో ముక్కూముఖం తెలియని నర్సులు నవ్వారు.

కార్డులు లోపల ఎక్కడో ఉన్నాయి, కానీ తలుపు జరిపేశారు. తలలో అంకె లేదు, తెరమీద కార్డు లేదు.

మరిదికి ఫోన్ చేసింది. ఆయనకి యాభై దాటినా వదినని ఆటపట్టించనిదే ముద్ద దిగదు.

“దానికీ నీ వయసొచ్చింది వదినా. పెట్టినచోటు మరిచింది,” అన్నాడు.

“పిచ్చుక కార్డు రావట్లేదు,” అంది అక్క. అది విని ఆయన గొంతు తగ్గించాడు. కంగారుపడొద్దనీ, కార్డులెక్కడికీ పోవనీ, ఈ మార్పుతో వెతికే తీరే మారిందనీ చెప్పాడు. ఇదివరకు కార్డులున్న ఫోల్డరులో పేర్లు మాత్రమే చూసేదట. ఇప్పుడు ముందు బయట ప్రపంచంలో వెతికి తర్వాత ఇంట్లోకి వస్తుందట. ఒక మీట మారిస్తే కంప్యూటరంతా మూలమూలా చదువుతుందట. లోపల రాసిన అక్షరాలు కూడా, ఎప్పుడో చెరిపేసినవి కూడా. ఆ తర్వాత మనం అడగకముందే చూపిస్తుందట. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పి నొక్కించాడు. చదవడానికి టైము పడుతుంది, కదిలించకు, భోంచేసి నేనొస్తానన్నాడు.

తెరమీద ఒక అంకె కనిపించింది. ఇంకా చదవాల్సినవి: నలభై వేల చిల్లర. అది తగ్గుతూ వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. ఆదివారం కాబట్టి షట్టరు పూర్తిగా దించే ఉంది. దాని కింద సందులోంచి సన్నటి ఎండగీత. తక్కిన గదంతా చీకటే, తెర వెలుగు తప్ప. వీధిలో ఎవరో బకెట్ ఈడ్చుకెళ్తున్న చప్పుడు దూరమైంది. ఫ్యాను తిరుగుతోంది. కంప్యూటరు లోపల ఏదో గీరుతున్నట్టు సన్నటి చప్పుడు.

అంకె పదివేలకి దిగింది. అప్పుడు ఆ వాసన తెలిసింది. సుద్ద కాదు, నూనె కాదు. తియ్యటి జ్వరం మందు. నుదుటిమీద వేసిన తడిగుడ్డ, కింద తడిసిన జుట్టు...

అక్క ముక్కు తుడుచుకుంది. ఎన్నో మరిచిపోతున్నదానికి ఇదొక్కటి గుర్తుకొస్తోందనుకుంది.

అంకె సున్నా అయింది. ‘పిచ్చుక’ అని కొట్టింది.

కార్డు వచ్చింది. ఒకటి కాదు. దానికింద ఇంకొకటి, ఇంకొకటి. అన్నిటికీ అదే పేరు. లెక్కపెట్టింది. ముప్పై రెండు.

అన్నిటికన్నా కిందిది తెరిచింది. చేయి పదిహేను. పదిహేను. కళ్ళనీళ్ళు జారాయి, గట్టిగా రెండుసార్లు పైకి అనుకుంది. తర్వాత దాని పైది తెరిచింది.

పొడవు నలభై ఎనిమిది. భుజం పదిన్నర. చేయి పదహారు.

ఇంకా పైది. పొడవు యాభై ఒకటి.

మొదట ఆమెకొచ్చిన భయం దెయ్యం గురించి కాదు. నేనే రాసి మరిచిపోయానా అని. ఏటా కూర్చుని, లేని పిల్ల కొలతలు ఊహించి రాసి, ఆ సంగతే మరిచిపోయేంతగా అయిపోయానా అని. రాసిన తీరంతా తనదే. తను వాడే పొట్టి గుర్తులే. కానీ తేదీలు... కంప్యూటరు రాకముందువి కూడా ఉన్నాయి. అన్నీ ఒకే నెల, ఒకే రోజు. పిచ్చుక పుట్టినరోజు.

పన్నెండో ఏటి కార్డు, పదహారోది, ఇరవయ్యోది తెరిచింది. పిల్ల ఎదిగింది. తన కళ్ళముందు, అంగుళం అంగుళంగా. భయపడాల్సింది పోయి అక్కకి ఆశ పుట్టింది. ఎక్కడో ఒకచోట ఎవరో దాన్ని కొలుస్తున్నారు, దానికి బట్టలు కుడుతున్నారు. ఒక్కొక్కటే తెరుస్తూ పోయింది. ఆవురావురుమంటూ చదివింది.

అప్పుడు ఛాతీ అంకెలు చూసింది.

ముప్పై, ముప్పై. ముప్పై రెండు, ముప్పై రెండు. ముప్పై నాలుగు, ముప్పై నాలుగు.

వెనక్కి వెళ్ళి అన్నీ వెతికింది. ఏడో ఏటి కార్డులో తప్ప ఎక్కడా ఆ అరంగుళం లేదు. ఊపిరి వదిలినప్పుడూ అంతే. పీల్చమన్నప్పుడూ అంతే.

చిట్టచివర మిగిలింది అన్నిటికన్నా పైకార్డు. ముప్పై ఎనిమిదో ఏటిది. తేదీ ఇవాళ్టిది. రాసిన సమయం... ఆరు నిమిషాల కిందట.

ఇవాళ పిచ్చుక పుట్టినరోజు. అక్క మరిచిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి మరిచిపోయింది.

“నువ్వేనా అమ్మా?” అంది.

పెట్టెలో తనేమీ కొట్టలేదు. కొత్త పెట్టె అడగకముందే చూపిస్తుందని మరిది చెప్పాడు. చూపించింది. ఒకే ఒక్క కార్డు. ‘టైలరమ్మ’.

అలాంటి కార్డు లేదు. ఉండడానికి వీల్లేదు. తన వీపు తను కొలుచుకోలేరు ఎవరూ. రెండో మనిషి చెయ్యి కావాలి.

కార్డు తెరుచుకుంది. ఖాళీగా ఉంది. చూస్తుండగానే మొదటి గడి నిండింది. పొడవు.

మడమ దగ్గర చల్లగా ఏదో తగిలింది. టేపు చివరి రేకుముక్క.

రెండో గడి. భుజం. మెడ కింద ఒకచివర... రెండోచివర... చిన్న వేళ్ళు.

అక్క లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. చేతులు ఒంటికి కాస్త ఎడంగా చాచింది. నలభై ఏళ్ళు ఎంతమందినో అలా నిలబెట్టిన మనిషి. వెనక అద్దం ఉంది. తిరిగి చూడాలనుంది. ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలు... తిరగలేకపోయింది. తిరిగినా గుర్తుపట్టలేనేమో. ఆ భయం అన్నిటికన్నా పెద్దది.

వెనక స్టూలు కిర్రుమంది. టేపు చంకల కిందినుంచి వచ్చి ఛాతీ చుట్టూ బిగిసింది.

చెవి దగ్గర, వేడి లేని గుసగుస.

“ఊపిరి వదులు.”

వదిలింది.

గడిలో అంకె పడింది. ముప్పై ఆరు.

రెండో మాట కోసం చూసింది. ఇప్పుడు పీల్చు అనాలి. అంటే పీల్చాలి. అనలేదు... ఎండగీత మసకబారింది. అనలేదు... చెవుల్లో హోరు. అడగడానికి గొంతులో గాలి లేదు. అను తల్లీ... మరిచిపోయినందుకా... అను...

షట్టరు దడదడమంది.

“వదినా, తలుపు తియ్యి,” మరిది గొంతు.

గాలి లోపలికి కత్తిలా వచ్చింది.

ఆయన వెతికితే ఒక్కటే పిచ్చుక కార్డు దొరికింది, ఏడో ఏటిది. ‘టైలరమ్మ’ అసలే లేదు. చదవడం మొదలుపెట్టినప్పుడు అలా లేనిపోనివి చూపిస్తుందిలే, రేపటికి సర్దుకుంటుంది అన్నాడు. కింద పడి ఉన్న స్టూలు తీసి నిలబెట్టాడు.

అక్క తర్వాత పదకొండు రోజులు బతికింది. నేను వెళ్ళి దగ్గరుండి చూసుకున్నాను. ఆ పదకొండు రోజులూ పొద్దున్నే ఆరంకెలూ తడుముకోకుండా చెప్పింది. ఛాతీ దగ్గర మాత్రం ఇరవై మూడు, ఇరవై మూడు అనేది. అరంగుళం ఏదే అక్కా అంటే, నాకేదో తెలియదన్నట్టు నా వంక జాలిగా చూసేది. పన్నెండో రోజు మధ్యాహ్నం నిద్రలో పోయింది. చేతులు ఒంటికి కాస్త ఎడంగా ఉన్నాయి.

కంప్యూటరు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ‘టైలరమ్మ’ అని కొడితే కార్డు వస్తోంది. ముప్పై ఆరు, ముప్పై ఆరు.

అమ్మడూ, ఇదంతా నీకు రాయడం ఎందుకంటే, ఈ ఆదివారం నువ్వొచ్చి ఆ కార్డుల్లో పేర్లన్నీ ఒకసారి సరిచూడాలి. పెద్దమ్మ ఎక్కించినవి నాలుగువందల పన్నెండు. ఆమెదొకటి కలిస్తే పదమూడు. నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా పద్నాలుగు వస్తున్నాయి. ఎక్కువ వచ్చినదాని పేరు ‘చెల్లెలు’. అక్కకి నేనొక్కదాన్నే చెల్లెల్ని. టేపు తగిలితే నాకు చక్కిలిగింతలని ఎప్పుడూ పాత బట్టే ఆదికి ఇచ్చేదాన్ని, ఒంటిమీద కొలవనిచ్చింది లేదు. అందులో భుజం ఉంది, చేయి ఉంది, నడుము ఉంది. ఛాతీ దగ్గర మొదటి అంకె ఉంది, రెండోది ఖాళీగా ఉంది.

పేరు నేనే తప్పు చదివానేమో. నువ్వొకసారి చూసి చెప్పు.