తొమ్మిదో గదిలో రికార్డింగు

రంగుల మిల్లు వెనక కూలీల గదులన్నీ కిటకిటలాడుతుంటాయి. తొమ్మిదోది మాత్రం ఖాళీ. ఊరికే ఇస్తామన్నా ఎవరూ దిగరు. పొద్దుగుంకితే ఆ గుమ్మం ముందు నుంచి నడిచేవాళ్లు కూడా లేరు.

మూడేళ్ల కిందట ఆ గదిలో ఒకావిడని ఇనప రాడ్డుతో కొట్టి చంపారు. ఎన్నిసార్లు సున్నం వేసినా గోడ మీద మరకలు పైకి తేలుతూనే ఉంటాయట. నేను నవ్వేవాణ్ని. దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, పనీపాటా లేనివాళ్ల కబుర్లు అనేవాణ్ని.

నేను సర్వే ఆఫీసులో టైపిస్టుని. మా అక్క — సొంత అక్క కాదు, ఆఫీసులో అందరికీ ఆమె అక్కే — కూలీల గదుల్లో చాప మీద కూర్చుని, వాళ్ల కష్టసుఖాలు రికార్డు చేసుకొస్తుంది. నేను విని టైపు చేస్తాను. రిపోర్టులో పేర్లు మార్చేస్తాం. వాళ్లకి మేమిచ్చే మాట అదొక్కటే.

ఆ మాట నమ్మబట్టే తొమ్మిదో గదిలో ఆవిడ నోరు విప్పింది. తన మొగుణ్ణి మేస్త్రీ మనుషులు ఎలా కొట్టి చంపారో చెప్పింది. పేరు మార్చాం. అయినా రిపోర్టు బయటికొచ్చిన వారానికే ఆ మనుషులు ఆమె తలుపు బద్దలుకొట్టారు.

అప్పట్నుంచి అక్కకి కంటి మీద కునుకు లేదు. "ఎక్కడ పొరపాటు చేశాన్రా తమ్ముడూ? దాన్ని నా చేతులారా చంపుకున్నానా?" అని ఒకటే ఏడుపు.

మొన్న ఇక ఉండబట్టలేక, చీకటి పడ్డాక రికార్డరు పట్టుకుని ఆ గదికి వెళ్లింది. ఏం జరిగిందో తనే చెప్పింది...

గుమ్మంలో అడుగు పెట్టేసరికి చాప పరిచి ఉందట. కూర్చుని, రికార్డరు నొక్కి, గుసగుసగా అడిగింది — "నిన్ను పట్టించింది నేనేనా, చెల్లీ?"

అడిగాక ఊరుకోవాలి. అవతలివాళ్ల మౌనాన్ని మనం చెడగొట్టకూడదు. అది అక్క పద్ధతి. ఊరుకుంది... ఇంకా ఊరుకుంది... ఎవరూ పలకలేదు. భయమేసి పరిగెత్తుకొచ్చేసింది.

"అంతా ఖాళీయేరా. అయినా ఒకసారి విను," అంది.

నిన్న సాయంత్రం ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. అక్క ప్రశ్న. తర్వాత నిశ్శబ్దం... అందులోంచి — ధడ్! ఎముక విరిగిన చప్పుడు. మళ్లీ ధడ్! గొంతులో నెత్తురు గుడగుడలాడుతుంటే, ఒక్కో మాటే...

"మోకాళ్ల మీద కొట్టారు... తల మీద కొట్టారు... 'చిటికెనవేలు లేనిదానివి నువ్వేగా' అంటూ కొట్టారు..."

రికార్డరు ఆపేశాను.

మిల్లు మొత్తానికి కుడిచేతి చిటికెనవేలు లేనిది ఆమె ఒక్కతే. రిపోర్టులో ఆ ముక్కని అక్క ఎర్ర పెన్నుతో కొట్టేసింది. నేనే... మళ్లీ ఎక్కించాను. పేరు మార్చాంగా, భయమేముంది, ఇది లేకపోతే రిపోర్టు చప్పగా ఉంటుందనుకున్నాను. ఆమె పోయాక, అక్క దగ్గరుండే కాపీలో ఆ పేజీ మార్చేశాను. అక్క ఏడుస్తుంటే మూడేళ్లు చూస్తూ కూర్చున్నాను.

తలుపు కిర్రుమంది. అక్క.

"ఏమైనా వినపడిందా, తమ్ముడూ?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఒట్టు.

"లేదక్కా... ఖాళీయే."

అక్క కళ్లు తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు ఆగిపోయాక, వెనకనుంచి నా భుజం మీద ఒక చెయ్యి పడింది. చల్లగా, తడిగా.

వేళ్లు లెక్కపెట్టాను... నాలుగే.