ఆరోగ్యవంతురాలి రక్తం

బుధవారం పొద్దున్నే బ్రెండా చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చేసరికి నేలిదా వంటింట్లో పిండి పిసుకుతోంది. కూతురు ఉండేది తుకుమాన్‌లో. అక్కణ్నుంచి తల్లి ఊరు లా బాందాకి రావాలంటే చీకటితోనే బస్సెక్కాలి. వారం మధ్యలో అలా వచ్చిందంటే ఏదో ఉందని ఏ తల్లికైనా తెలుస్తుంది. నేలిదాకీ తెలిసింది. కానీ అడగలేదు. అడగకుండా ఊరుకోవడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

"ఏమే, ప్రభుత్వం వారు సెలవిచ్చారా? మీ లాబ్ పురుగులకి మేత ఎవరు వేస్తారు మరి?" అంది, పిండి చేతులు దూరంగా పెట్టుకుని కూతురి బుగ్గ మీద ముద్దుపెడుతూ.

"వాటికి నెలకోసారి పెడితే చాలమ్మా. నాకంటే నయం."

బల్ల దగ్గర పెద్ద కూతురు మారిసెల్ మాతే టీ తాగే సొరబుర్ర చేతిలో పట్టుకుని కూర్చుంది. ఒళ్లో బెనీసియో చెంచాతో బల్లని బాదుతున్నాడు. మారిసెల్ కాపురం రెండు వీధుల అవతలే గానీ, పొద్దున్నే పిల్లాణ్ని చంకనేసుకుని ఇక్కడికొచ్చేస్తుంది. పిల్లాడికి అమ్మమ్మ అంటే ప్రాణం. వచ్చే ఆదివారం వాడి మొదటి పుట్టినరోజు.

"కేకు పిన్నిదే అని చెప్పేశాను వీడికి. ఈ నెల డబ్బు పడిందా, ప్రభుత్వం నిద్రపోయిందా?" అంది మారిసెల్.

"పడింది. కేకు కొంటాను. కొవ్వొత్తి నువ్వు కొనుక్కో."

బ్రెండాకి ఫెలోషిప్ వచ్చినప్పుడు వీధి వీధంతా వింతపడింది. ప్రభుత్వం ఐదేళ్లు నెలనెలా డబ్బిచ్చి, రోగాల మీద పరిశోధన ఎలా చేయాలో నేర్పించి, చివర్లో డాక్టరేటు కూడా ఇస్తుందంటే మాలాంటి వాళ్లకి నమ్మకం కుదరడం కష్టం. మాకు ప్రభుత్వం అంటే కరెంటు తీసేసేది. నేలిదా ఆ వార్త రొట్టెల కొట్టు దాకా వెళ్లి మరీ చెప్పుకుంది. ఏ రోగం మీద అని అడిగితే మాత్రం "రక్తం మీద" అని ఊరుకునేది. చాగస్ అనే ఆ రోగం పేరు ఆవిడ నోట ఎవరూ వినలేదు.

బ్రెండా అక్క ఒళ్లోంచి పిల్లాణ్ని తీసుకుంది. వాడి మెడ దగ్గర ముఖం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏంటే, వాసన చూస్తున్నావా? మొన్ననే స్నానం చేయించాను" అని నవ్వింది మారిసెల్. బ్రెండా నవ్వలేకపోయింది.

లాబ్‌లో జరిగింది ఇదీ. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందా లేదా తేలాలంటే రోగం ఉన్న రక్తం ఒకటీ లేని రక్తం ఒకటీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఉన్న రక్తం ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటుంది. లేని రక్తం కావాల్సి వస్తే ఎవరో ఒక ఫెలో చొక్కా చేయి మడుస్తారు. కొత్తగా చేరినవాళ్ల వంతు ముందు. "చేయి ఇటు తే పిల్లా, ఆరోగ్యవంతురాలి రక్తం కావాలి" అని సీనియర్లు ఆటపట్టించారు. బ్రెండా నవ్వుతూ చేయి చాపింది.

పరీక్ష పలకలో రోగం ఉన్న రక్తం వేసిన గడే రంగు మారాలి, ఆరోగ్యవంతురాలి గడి మారకూడదు. మారింది.

గొట్టాలు తారుమారు చేసిందని అందరూ నవ్వారు. మళ్లీ చేసింది, మళ్లీ మారింది. మూడోసారి డైరెక్టరమ్మ తనే స్వయంగా రక్తం తీసి వేరే పద్ధతిలో చూసింది. అప్పుడిక ఎవరూ నవ్వలేదు.

చాగస్ తెచ్చే వించూకా పురుగు మట్టి గోడల పగుళ్లలో కాపురం ఉంటుంది. రాత్రి దిగొచ్చి రక్తం తాగుతుంది. కుట్టిన సంగతి కూడా తెలియదు. రోగం ఇరవై, ముప్ఫై ఏళ్లు కిక్కురుమనకుండా ఉండి, ఒకనాడు గుండె మీద పడుతుంది. బ్రెండా పుట్టింది ఇటుక ఇంట్లో. తల్లిది రైల్వే కుటుంబం, తాత సిగ్నళ్లు చూసేవాడు, అమ్మ పెరిగింది క్వార్టర్లలో. చిన్నప్పటి నుంచీ విన్నది అదే. పురుగు కుట్టే దారి లేనప్పుడు ఇక మిగిలింది ఒక్కటే దారి. తల్లి కడుపులో ఉండగానే రావాలి.

ఆ మాట అనుకోగానే బ్రెండాకి అన్న గుర్తొచ్చాడు. దారియో ఇరవై నాలుగేళ్లకి ఫుట్‌బాల్ మైదానంలో నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. గుండె పెద్దదైందన్నారు డాక్టర్లు. పరామర్శకి వచ్చినవాళ్లు దాన్ని పట్టుకుని "అవునమ్మా, పెద్ద గుండె గల పిల్లాడు" అని ఏడ్చారు.

భోజనాలయ్యాక మారిసెల్ పిల్లాణ్ని ఎత్తుకుని తన ఇంటికి వెళ్లిపోయింది. తలుపులు మూసుకున్నాయి. వీధి చచ్చినట్టు పడుకుంది.

మా ఊళ్లో దెయ్యాలు అర్ధరాత్రి తిరగవు. అర్ధరాత్రి అందరూ వీధిలో కుర్చీలేసుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, వాటికి చోటెక్కడ? అవి తిరిగేది మిట్టమధ్యాహ్నం, ఎండకి కుక్కలు కూడా మొరగని కునుకు వేళ. దారియో ఆటకి వెళ్లిందీ అప్పుడే. "ఎండ తగ్గాక వెళ్లరా" అని తల్లి అంటూనే ఉంది. ఆనాటి నుంచి నేలిదా మధ్యాహ్నాలు పడుకోదు. పెరటి తలుపు ఓరగా తీసి నడవలో కూర్చుంటుంది. కాసేపటికి వెనక గోడకి బంతి కొడుతున్న చప్పుడు వస్తుందట. దబ్, దబ్ అని. ఎండకి పైకప్పు రేకులు వ్యాకోచిస్తున్నాయమ్మా అంటుంది మారిసెల్. బ్రెండా ఏమీ అనదు. ఆ చప్పుడు తనకీ వినిపిస్తుందని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు బ్రెండా తన పాత మంచం మీద పడుకుంది. పక్కకి తిరిగితే చేయి మంచానికీ గోడకీ మధ్య సందులోకి జారింది. జానెడు సందు. ఆ ఇంట్లో ఏ మంచమూ గోడకి ఆనదు. చిన్నప్పుడు జరిపితే అమ్మ దెబ్బలు కొట్టేది. పోయిన నెలే పరిశోధన పని మీద పొదల్లోని గూడేలకి వెళ్లినప్పుడు, పురుగులు పాకకుండా మంచాలు గోడకి దూరంగా వేసుకోండని ఒక ముసలావిడకి చెప్పబోతే ఆవిడ పగలబడి నవ్వింది. "మాకు నడక కంటే ముందు నేర్పేది అదే కదే!" అంది.

బ్రెండా లేచి కూర్చుంది. బయట గోడకి బంతి తగిలినట్టు చప్పుడైంది.

నడవలోకి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, మన మంచాలు గోడకి ఎందుకు ఆనించం?"

"తుడుచుకోవడానికి వీలుగా ఉంటుందని."

"రైల్వే క్వార్టర్లలో కూడా ఇలాగే వేసుకునేవారా?"

నేలిదా తల తిప్పలేదు. "ఉష్. వస్తున్నాడు. వినపడటం లేదూ?"

"అమ్మా, నా రక్తంలో ఉంది."

ఏముంది అని నేలిదా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న రాకపోవడంతోనే బ్రెండాకి జవాబు దొరికిపోయింది.

"ఎవరికి చెప్పావు?" అంది నేలిదా.

"లాబ్‌లో అందరికీ తెలుసు."

"అయ్యో పిచ్చిమొహమా! నీ ఫెలోషిప్పు పీకేస్తారే! పొరపాటు జరిగిందని చెప్పు. వేరే దాని మీద చేస్తానని చెప్పు. లోకంలో ఇంకే రోగమూ దొరకలేదా నీకు?"

"ఎవరూ పీకరు. డైరెక్టరమ్మ ఏమందో తెలుసా? 'ఇక నుంచి నీ రక్తం ఈ గడిలో కాదు, ఆ గడిలో పెడతాం. నువ్వు మాత్రం నీ కుర్చీలోనే ఉంటావు' అంది. ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టమే ఉందమ్మా."

"చట్టం!" నేలిదా నవ్వింది, నవ్వులా లేదది. "నాకు పదిహేడేళ్లప్పుడు బట్టల మిల్లులో చేరాను. రక్తం తీశారు. మర్నాడు గేటు దగ్గర అందరి ముందూ పేరు పెట్టి పిలిచి పొమ్మన్నారు. పొదల్లోంచి వచ్చింది, గుండె జబ్బు మనిషి, దీనికి పనెందుకన్నారు. ఆ రోజు నుంచే నేను రైల్వేవాళ్ల పిల్లనయ్యాను. పొదల్లో మా అమ్మ మాట్లాడిన కిచువా భాష కూడా మానేశాను, కలలో కూడా రాకుండా."

"మరి దారియో?"

నేలిదా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. "పురుగు కుడితేనే వస్తుందనుకున్నానే. ఇటుక ఇల్లు కట్టుకున్నాం, ఇక నా పిల్లల దగ్గరికి రాదనుకున్నాను. వాడు పోయాక ఆసుపత్రిలో చెప్పారు, కడుపులోనే ఇచ్చేస్తారట. నేనే ఇచ్చానట." వెనక గోడ వైపు చూసింది. "అందుకే రోజూ వస్తున్నాడు. అడగడానికి."

బ్రెండాకి తల్లిని దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది.

"అక్క కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేసే ఉంటారు. అందరికీ చేస్తారు. ఏమన్నారు?"

నేలిదా పెరటి తలుపు వైపు తిరిగింది.

"అమ్మా!"

"కాన్పు ఆపరేషనయి అది మత్తులో ఉంది. నర్సు నాతో చెప్పింది. తల్లికి ఉంది, బిడ్డకి ఇప్పటికి కనిపించలేదు, పది నెలలు రాగానే మళ్లీ తీసుకురండి అంది."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"సరే అన్నావా!" కునుకు వేళ ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అరవలేదు. "పది నెలలు దాటిపోయాయమ్మా! ఏడాది లోపల మందు వేస్తే దాదాపు పిల్లలందరికీ పూర్తిగా పోతుంది. పెద్దయ్యాక అంత నమ్మకం లేదు. అన్నకి ఆ అదృష్టం లేకపోయింది. నాకు లేకపోయింది. వీడికి ఉంది, ఈ నాలుగు రోజులూ ఉంది!"

"ఎలా చెప్పమంటావే? చెబితే దారియో చావుకి కారణం నేనేనని దానికి తెలిసిపోదూ?"

"అన్నకి నువ్వు తెలియక ఇచ్చావు. అందులో నీ తప్పు లేదు. ఇది మాత్రం తెలిసి దాస్తున్నావు."

కూతురు చెప్పిన మాటలో మొదటి సగం ఇన్నేళ్లలో నేలిదాకి ఎవరూ చెప్పలేదు. రెండో సగం తనకి తానే ప్రతి మధ్యాహ్నం చెప్పుకుంటూ ఉంది.

"నువ్వు చెబుతావా, నేను వెళ్లి చెప్పనా?" అంది బ్రెండా, ఈసారి మెల్లగా.

నేలిదా లేచింది. చెప్పులు వేసుకుంది. కొడుకు పోయాక ఆ వేళప్పుడు ఆవిడ గడప దాటడం అదే మొదలు. నెత్తిన ఎండ, వీధిలో పిట్ట లేదు. పక్కన ఎవరో నడుస్తున్నట్టు ఒకటి రెండుసార్లు పక్కకి చూసింది. అయినా ఆగలేదు.

మారిసెల్ ఇంటి గుమ్మంలో నేలిదా నిలబడే చెప్పింది, కూర్చోలేదు. మిల్లు సంగతీ, దారియో సంగతీ, నర్సు సంగతీ, ఒక్కటి కూడా మింగకుండా చెప్పింది. విన్నంతసేపూ మారిసెల్ పిల్లాణ్ని గుండెకి హత్తుకుని ఊగుతూనే ఉంది.

"రోజూ నీ చేతుల్లోనే పెట్టాను కదమ్మా వీణ్ని," అంది చివరికి. "ఎత్తుకుని ఆడిస్తూనే దాచావా? వాడు నా బిడ్డమ్మా!"

మారిసెల్ ఒక చేత్తో తలుపు పట్టుకుంది.

"వెళ్లు. నా గుమ్మం దిగు."

మర్నాడు పొద్దున్న అక్కచెల్లెళ్లు పిల్లాణ్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి రక్తం తీసే గది ముందు బారులో మొదటి మనిషి నేలిదాయే. వీళ్ల కోసం చోటు పట్టి ఉంచింది. మారిసెల్ ఆవిడ వైపు చూడకుండా వచ్చి ఆ చోట్లో నిలబడింది.

తలుపు తీశారు. పిల్లాడి వయసు అడిగి, రక్తం తీసే ఆవిడ "ఇంకా ఏడాది నిండలేదుగా? మంచిది, వేళకి తెచ్చారు" అంది. నేలిదా ముందుకొచ్చింది. "వీళ్లతో పాటు నాది కూడా తీయండి. మిల్లులో తీశారు, అంతే. మళ్లీ ఎప్పుడూ తీయించుకోలేదు" అని చొక్కా చేయి తనే మడుచుకుంది.

"మీకెంతమంది పిల్లలు?"

కొత్తవాళ్లు ఎవరడిగినా నేలిదా ఇద్దరనే చెప్పేది. ముగ్గురంటే మూడోవాడి సంగతి అడుగుతారని భయం.

"ముగ్గురు," అంది. "ఇద్దరు ఇదిగో, ఇక్కడే ఉన్నారు. పెద్దవాడు దారియో. వాడు దీనితోనే పోయాడు. నా దగ్గర్నుంచే వచ్చింది వాడికి. నాకు తెలియదు అప్పుడు."

గొంతు తగ్గించలేదు. బయట బారులో ఉన్నవాళ్లందరికీ వినపడింది. బ్రెండా గోడ వైపు తిరిగి ఏడ్చేసింది.

తర్వాత పిల్లాడి వంతు. సూది కనపడగానే బెనీసియో ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నాడు. తన్నుకున్నాడు, చేయి లాక్కున్నాడు. వాడి చిన్న చేయి మారిసెల్ పట్టులో నిలవలేదు. "కదలకూడదమ్మా, కదిలితే మళ్లీ గుచ్చాల్సి వస్తుంది" అంది రక్తం తీసే ఆవిడ. బ్రెండా సాయం పట్టబోయింది. వాడు ఇంకా బిగుసుకుపోయాడు.

మారిసెల్ చుట్టూ చూసింది. నిన్నటి నుంచి చూడని ముఖం వైపు చూసింది.

"అక్కడ నిలబడ్డావేంటి? రా, పట్టుకో."

నేలిదా చేతులు చాపబోయి మధ్యలో ఆగిపోయింది. "నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు? నీ దగ్గరైతేనే ఊరుకుంటాడు వీడు," అంది మారిసెల్, కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేక ముక్కు ఎగబీల్చుకుంటూ. పిల్లాణ్ని నేలిదా చేతుల్లో పెట్టి, ఆవిడ చేతుల మీద తన చేతులు వేసి నొక్కి పట్టింది. "గట్టిగా పట్టుకోమ్మా. వదలకు."