పప్పు ఉడకని ఆదివారం

కుక్కర్ పది విజిళ్లు వేసింది. అమ్మ మూత తీసి, గరిటెతో ఒక పప్పు బద్దను నొక్కి చూసింది. బద్ద నలగలేదు. గరిటె కింద నుంచి జారి మళ్లీ నీళ్లలోకి పోయింది.

"ఇదేం పప్పే తల్లీ," అంది అమ్మ శివపార్వతి. "గ్యాస్ అయిపోయేట్టుండాది గానీ ఇది ఉడికేట్టు ల్యా."

ఐదో తరగతి చదివే శివాని కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. పక్కనే జేజి, అంటే వాళ్ల నాన్నమ్మ సుబ్బలక్ష్మమ్మ. నిన్ననే కోయిలకుంట్లలో జేజికి రెండు పళ్లు పీకారు. కుడి బుగ్గ బూరెలా వాచింది. మెత్తటి పప్పన్నం తప్ప ఇంకేదీ నమలలేదు. దాని కోసమే పొద్దుటి నుంచి కాచుకుని ఉంది.

జేజి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత మెల్లగా ముద్దను తీసి కంచం పక్కన పెట్టింది. "నాకు మజ్జిగన్నం చాల్లే పార్వతీ," అంది. ఆ మాట వింటే శివానికే ఏడుపొచ్చింది.

"ఉరుకుందమ్మ ఈసారి పాత పప్పు అంటగట్టినట్టుండాది," అంది అమ్మ. "పాపల స్నేహం చూసి తీసుకుంటే ఇట్ల చేస్తాదా?"

ఉరుకుందమ్మ శివాని స్నేహితురాలు నాగజ్యోతి వాళ్లమ్మ. వాళ్లు ఆలూరు వైపు నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ఉరుకుందమ్మ ఇంట్లోనే కందులు తిరగలిలో విసిరి, పప్పు చేసి అమ్ముతుంది. ఇప్పుడిప్పుడే ఊళ్లో నలుగురూ కొంటున్నారు. పోయిన వారం కూడా ఆ పప్పు బ్రహ్మాండంగా ఉడికింది. ఈ వారం ఏమొచ్చిందో శివానికి అర్థం కాలేదు. అసలైతే ఈరోజు పప్పు ఇంకా బాగుండాలి. ఎందుకంటే పొద్దున్నే శివాని ఎవరికీ చెప్పకుండా ఒక గొప్ప పని చేసింది.

వాళ్లింట్లో తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాను వస్తుంది. వంటకూ మిగతా పనులకూ పెరటి బావి నీళ్లే. పొద్దున అమ్మ గేదెల దగ్గర ఉన్నప్పుడు శివాని పొయ్యి పక్కనున్న ఇత్తడి బిందెలోకి తొంగి చూసింది. నీళ్ల మీద సన్నటి తెట్టు. అడుగున తెల్లటి పొడి. 'ఛీ, ఈ నీళ్లతోనా వంట' అనుకుంది.

గురువారమే బడిలో చంద్రమోహన్ సార్ చెప్పారు, మురికి నీళ్లతో జబ్బులొస్తాయని, పటిక తిప్పితే నీళ్లు తేటపడతాయని. శివాని శ్రద్ధగా విన్న పాఠాలు తక్కువ. విన్న ఆ ఒక్కదాన్నీ ఊరికే వదలదలచుకోలేదు.

బిందెలో నీళ్లన్నీ పెరట్లో గోంగూర వేసిన గోగుమడిలో పారబోసింది. చింతపండు పెట్టి బిందెను తళతళలాడేట్టు తోమింది. బావి నీళ్లు నింపి, పటిక ముక్కను ఇరవైసార్లు తిప్పింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎవరైనా చూసి అడిగితే అప్పుడు గొప్పగా చెబుదామని ఆగింది. జేజి పళ్ల గొడవలో బిందె వైపు చూసినవాళ్లే లేరు.

ఆ సాయంత్రం పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడి అమ్మ ఆ మాటే అంది. "ఉరుకుందమ్మ పప్పు ఉడకల్యా. పాతదేమో." వెనకున్న ఇద్దరు ఆడవాళ్లు "అట్లనా" అన్నారు.

సోమవారం బడిలో నాగజ్యోతి చివరి బెంచీలో కూర్చుంది.

"ఈడ కూర్చోవా?" అడిగింది శివాని తన పక్క చోటు చూపించి.

"కూర్చోను."

"ఎందుకు?"

"మీయమ్మ పాలకేంద్రం కాడ మా పప్పు పాతదని చెప్పిందంట. పొద్దున్నే ఇద్దరొచ్చి పప్పు వాపసిచ్చిపోయినారు. మాయమ్మ అన్నం గూడా తినల్యా."

అమ్మ అబద్ధం చెప్పదు. పప్పు ఉడకలేదు, తను కళ్లారా చూసింది. ఉరుకుందమ్మత్త మోసం చేసే మనిషి కాదు. మరి తప్పెవరిది? లెక్కల పీరియడ్ అంతా శివాని ఇదే లెక్క చేసింది. ఎన్నిసార్లు చేసినా జవాబు రాలేదు.

మధ్యాహ్నం నాగజ్యోతి తన డబ్బా తెచ్చి విసురుగా ముందు పెట్టింది. "తిని చూడు. మీకిచ్చిన సంచిలోదే."

పప్పు నోట్లో పెట్టుకోగానే కరిగిపోయింది. శివాని బుర్ర ఇంకా గజిబిజి అయిపోయింది.

"దీంట్లో మీరేం కలిపినారు?"

"ఏం కలుపుతారు? పప్పు, నీళ్లు," అని డబ్బా లాక్కుని వెళ్లిపోయింది నాగజ్యోతి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి జేజి బుగ్గ వాపు కాస్త తగ్గింది. పెరట్లో కట్టెల పొయ్యి మీద బావి నీళ్లు కాస్తోంది. నీళ్లు సలసలా తెర్లుతున్నాయి. గిన్నె అంచుల్లో తెల్లగా ఏదో పేరుకుంటోంది.

"జేజీ, ఆ నీళ్లు పారబోయ్. చెడిపోతాండాయి."

"చెడిపోయేది ఏముంది పాపా, బాగుపడతాండాయి."

"తెల్లగైతాండాయి గదా?"

"మన నేలంతా నాపరాయి. దాంట్లో సున్నం బావి నీళ్లల్లో కరిగుంటాది. కండ్లకు కనపడదు. నీళ్లు కాగితే బయటికొస్తాది. రాత్రంతా కదపకుండా పెడితే అడుక్కు దిగుతాది. పొద్దున పైతేట ముంచి పోస్తే పప్పు వెన్న మాదిరి ఉడుకుతాది. పచ్చి బావి నీళ్లల్లో పది విజిళ్లేసినా ఉడకదు. ఉరుకుందమ్మకు గూడా వచ్చిన కొత్తలో నేనే చెప్పినా."

"పటిక తిప్పితే?" అంది శివాని చిన్న గొంతుతో.

"పటిక బురదను దించుతాది. కరిగిన సున్నాన్ని యాడ దించుతాది? బావి నీళ్లు చూసేకి తేటగానే ఉంటాయి. సబ్బు రుద్దితే నురగొస్తాదా?"

రాదు. దినమూ స్నానం చేసేటప్పుడు చూస్తూనే ఉంది. మురికి అనుకున్నవి మంచి నీళ్లు, అద్దంలా ఉన్నవి పనికిరాని నీళ్లు. ఇంత తిరకాసు నీళ్లలో ఉంటుందని ఎవరనుకుంటారు?

జేజి పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఆగింది. "పండ్లు పీకించుకోనొచ్చి గూడా శనివారం రాత్రి బిందెడు నీళ్లు కాంచి పెడితి గదా. అవేమైనాయి?"

"గోగుమడికి పోసినా," అని శివాని ఏడ్చేసింది. జేజి తినకుండా పక్కన పెట్టిన ముద్ద గుర్తొచ్చింది. అన్నం తినని ఉరుకుందమ్మత్త గుర్తొచ్చింది. చాలా సిగ్గేసింది.

జేజి తిట్టలేదు. కొంగుతో శివాని ముఖం తుడిచింది. "నాకేముంది, రేపు తింటా పప్పన్నం. నాకు చెప్తే తీరిపోయే పని కాదు పాపా ఇది."

మంగళవారం పొద్దున శివాని చిన్న చెంబుతో బిందెలో నీళ్లు ముంచింది. చెయ్యి వణికితే తెల్లపొడి లేస్తుందని ఊపిరి బిగబట్టి ముంచింది. అడుగున రెండు వేళ్ల లోతు ఉండగానే ఆపేసింది. ఆ నీళ్లతో పప్పు నాలుగు విజిళ్లకే మెత్తగా మెదిగింది.

అమ్మ ఆశ్చర్యంగా కుక్కర్ వైపు చూసింది. అప్పుడు శివాని జరిగిందంతా చెప్పింది.

"నీది సరే. నేను గూడా బిందెలోకి చూడకుండా ఊర్లోకి మాట వదిల్తి," అంది అమ్మ.

సాయంత్రం పాలకేంద్రం దగ్గరికి అమ్మ పాలక్యాను తీసుకెళ్లింది. శివాని గిన్నెలో పప్పు తీసుకెళ్లింది. ఆ ఇద్దరు ఆడవాళ్లూ వరసలోనే ఉన్నారు. శివాని కాళ్లు వెనక్కి పోదామంటున్నాయి. అయినా వాళ్ల ముందుకు వెళ్లి నిలబడింది.

"ఇది ఉరుకుందమ్మత్త పప్పే. ఆదివారం ఉడకనిది నావల్ల. కాంచిన నీళ్లు పారబోసి పచ్చినీళ్లు పెట్టినా. పప్పు పాతది కాదు."

వరస మొత్తం శివాని వైపు తిరిగింది. "నేనే తొందరపడి అన్నా," అంది అమ్మ పక్కనుంచి.

వాళ్లలో ఒకామె పప్పు వేలితో తీసి రుచి చూసింది. "అట్లయితే పోయి నా పప్పు నేను తెచ్చుకుంటా," అంది.

అక్కడి నుంచి అమ్మా శివానీ నాగజ్యోతి వాళ్లింటికి వెళ్లారు. అమ్మ వాకిట్లోనే ఉరుకుందమ్మ చేతులు పట్టుకుని మాట్లాడసాగింది. శివాని పెరటి వైపు నడిచింది. ఇంతకుముందు ఆ పెరట్లోకి ఎప్పుడూ వెళ్లలేదు. అక్కడ పట్ట మీద కందులు ఆరబోసి ఉన్నాయి. ప్రతి గింజకూ ఎర్రమన్ను అంటుకుని ఉంది. పక్కనే బకెట్ నిండా నీళ్లు. అవతల నాగజ్యోతి ముఖం తిప్పుకుని కూర్చుని ఉంది.

'అయ్యో, కందులన్నీ మన్నయిపోయాయే' అనుకుంది శివాని. కడిగిపెడితే నాగజ్యోతి కోపం పోతుంది. చెయ్యి బకెట్‌లో మగ్గు వైపు వెళ్లింది.

గోగుమడిలో పారబోసిన నీళ్లు గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది. శివాని చెయ్యి వెనక్కి తీసుకుని వీపు వెనక పెట్టుకుంది.

"జ్యోతీ, కందులకు మన్నెందుకుండాది?"

నాగజ్యోతి ఒకసారి మగ్గు వైపు చూసింది. ఒకసారి శివాని వైపు చూసింది. తర్వాత పట్ట అంచు మీద కాస్త పక్కకు జరిగింది.

"మేమే కావాలని పూసినాం. ఈడ కూర్చో, చెప్తా," అంది.