గంగమ్మ కిటికీలో కొవ్వొత్తి

నగర్తపేటలో మా గుండీల అంగడి ఉండే సందుకు మంచి పేరు లేదు. అంగడి మీద ఒక మేడగది. దాని కిటికీలో దీపం పెడితే నిలవదంట... ఎవరో ఆర్పేస్తారంట.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆ గదిలో గంగమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. ఒకరోజు తెల్లారేసరికి పెరటిబావిలో తేలింది. ఎందుకు దూకిందో ఎవరికీ అంతు చిక్కలే. యుద్ధానికి పోయిన కొడుకు నెల తిరక్కుండానే నిక్షేపంగా వచ్చినాడు. వచ్చి చూస్తే తల్లి లేదు.

అప్పట్నుంచి సందులో అందరిదీ ఒకటే మాట — గంగమ్మ బావిలోంచి లేచొచ్చి తడిచేత్తో దీపమార్పుతుందని. అద్దెకు ఎవరూ నిలవలే.

తొంభై తొమ్మిదిలో, కార్గిల్ యుద్ధం మొదలైనాక, మార్త వచ్చి ఆ గదిలో దిగింది. నంద్యాల పిల్ల, ఆస్పత్రిలో నర్సు. మొగుడు క్రిస్టోఫర్ మిలిట్రీలో ఉండాడు, ఆ మంచుకొండల్లోనే. ఉత్తరం లేదు, ఫోను లేదు.

మన జనం ఊరుకుంటారా? "పేరేమో దొరల పేరు... నిజంగా మిలిట్రీయేనా?" అని గుసగుసలు. ఛీ, ఏం మనుషులప్పా! నేనేం తక్కువ తిన్నానా, నేనూ ఆ పిల్లను ఓరకంటనే చూసినా.

ఇంక ఇక్కణ్ణుంచి మార్త నాకు చెప్పిందే చెప్తాను.

దిగిన రాత్రే కిటికీలో కొవ్వొత్తి వెలిగించింది. ఇది తెల్లారేదాకా ఆరకుంటే ఆయన బతికున్నట్టే — అని మనసులో అనుకుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. కళ్ళు తెరిస్తే... చీకటి.

గాలి లేదు. తడిమి చూస్తే కిటికీగట్టు తడిగా ఉండాది.

మరుసటి రాత్రీ అంతే. ఆయన లేడు... అందుకే ఆరిపోతా ఉండాది... అనుకుంటా, ఏం చేస్తోందో తెలీకుండా పెరట్లోకి నడిచింది. కాలికి బావిగట్టు తగిలినాక గానీ తెలివి రాలేదంట.

మూడో రాత్రి కొవ్వొత్తి వెలిగించి, గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు మూయలే.

సందులో కుక్కలు కూడా పడుకున్నాయి...

అప్పుడు — కిటికీ కమ్మీల మధ్యలోంచి నల్లగా ఒకటి లోపలికొచ్చింది. తడిగా. నీళ్ళు కారుతా. మెల్లగా... మెల్లగా... కొవ్వొత్తి మీదికి వంగింది.

మార్తకు ఏం తెగింపు వచ్చిందో ఏమో, రెండు చేతుల్తో గట్టిగా పట్టేసింది.

గోనెగుడ్డ!

గుడ్డ వెనక పొడుగాటి వెదురుకట్టె. ఆ కట్టె రెండో కొస ఎదురింటి కిటికీలో ఉండాది. పట్టుకుని ఉండేది ఓబళప్ప తాత. డెబ్బై ఒకటి యుద్ధంలో శత్రువుల విమానాలకు వెలుగు కనపడకూడదని రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగి దీపాలు ఆర్పించింది ఈయనే.

"తాతా! నువ్వా? దెయ్యమనుకుని సగం చచ్చినానే!"

"ష్... యుద్ధం జరుగుతా ఉండాది. దీపం పెట్టకూడదు."

"ఇప్పుడు ఎవరు వద్దన్నారు తాతా?"

"కొత్తదానివి. రోజూ మేడమీద వెలుగు పెడతావు. విమానాలకు సైగ చేస్తుండావేమో... నాకేం తెల్సు?"

మార్తకు ఏడుపు ఆగలే. "నా మొగుడే అక్కడ కొట్లాడుతుండాడు తాతా. దీపం ఆరితే ఆయన లేడేమోనని... నిన్న రాత్రి ఆ బావిదాకా పోయినా, తెల్సా?"

ఓబళప్ప గొంతు తగ్గించి అన్నాడు.

"గంగమ్మ కొడుకు గూడా... మిలిట్రీలోనే ఉండె."

"ఆమె దీపం?"

"అందరూ పడుకున్నాక దొంగతనంగా పెట్టేది. నేనే ఆర్పినా... రోజూ. దేశం కోసమే అనుకున్నా. ఎవరికోసమమ్మా అని ఒక్క మాట అడగలే... ఒక్క మాట అడగలే తల్లీ."

కట్టె వదిలేసినాడు.

తెల్లారినాక మార్త ఆ కట్టెను విరిచి నీళ్ళపొయ్యిలో పెట్టేసింది. మళ్ళీ తన కొవ్వొత్తి ఒక్కనాడూ ఆరలే. క్రిస్టోఫర్ కూడా కుంటుకుంటానైనా ప్రాణాల్తో వచ్చినాడు. నేనే సిగ్గుపడి ఎదురెళ్ళి దండ వేసినా.

కానీ కట్టె కాలిన ఆ రాత్రి ఇంకొకటి జరిగింది.

ఓబళప్ప తన కిటికీలో నూనెదీపం పెట్టినాడు, గంగమ్మ పేరు మీద. మార్త ఇవతల్నుంచి చూస్తానే ఉండాది. తన కొవ్వొత్తి కదలకుండా మండుతా ఉండాది. ముసలాయన దీపం మాత్రం... చప్పున ఆరిపోయింది.

ఆ చీకట్లోంచి ఓబళప్ప గొంతు వినపడింది.

"ఎవరమ్మా?"



తెల్లారి మార్త చెప్తే, నేనే పోయి ఓబళప్ప కిటికీగట్టు తడిమి చూసినా. చెయ్యంతా తడి అయింది. వాన పడలేదప్పా... కట్టె అప్పటికే బూడిదై ఉండాది.